కంప్యూటరుకి ఆకుపచ్చ సిరా ఎవరిచ్చారు?

శ్రవణ సంక్షేమ మండలి జిల్లా కార్యాలయంలో సిరాకి ఉన్న మర్యాద మనిషికి లేదు. నీలం, నలుపు గుమాస్తాలవి. ఎరుపు ఆడిట్ వారిది. ఆకుపచ్చ మాత్రం గెజిటెడ్ అధికారులది, అంటే జేడీ అనబడే జాయింట్ డైరెక్టరుగారిది, ఆయన కింద ఏడీలనబడే ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లది. వాళ్ళు ముగ్గురూ కాక ఇంకెవరైనా ఆ రంగుతో కాగితం మీద ఓ చుక్క పెట్టారంటే కొంప మునిగినట్టే. ఆమధ్య అటెండరు కూతురు బళ్ళో చిలక బొమ్మ వేసి నాన్నకి చూపిద్దామని పరుగెత్తుకొస్తే, చిలకని గేటు దగ్గరే ఆపేశారు. పిల్లని లోపలికి రానిచ్చారు లెండి, అంత నిర్దయగా ఏం లేరు.

చిలకని ఆపించింది సూపర్నెంటు అడబాల భాస్కరంగారు. సర్వీసంతా ఆయన చేసిన కాపలా ఇదే. ఫైలు తెరవగానే ముందు రంగు చూస్తారు, తరవాతే రాత చూస్తారు. ఎవరి మీదా కోపం ఉండి కాదు, పాపం. పద్ధతిగా ఉంటే అన్నీ వాటంతటవే జరుగుతాయని ఆయన నమ్మకం. ఇన్నేళ్ళ కాపలాకి ఫలితంగా అసిస్టెంట్ డైరెక్టరు పోస్టు ఇవ్వబోతున్నారని, ఆర్డరు పైనుంచి బయల్దేరిందని కబురొచ్చింది. వచ్చే నెల నుంచి ఆకుపచ్చ సంతకం. భార్య రాజేశ్వరి ఆ సంగతి చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే సామర్లకోట నుంచి చెల్లెలు సత్యవేణి ఫోను చేసింది.

సత్యవేణి కూతురు చైత్రకి చిన్నప్పుడొచ్చిన జ్వరంలో వినికిడి దెబ్బతింది. పక్కన నిలబడి గట్టిగా అరిస్తే అందుకుంటుంది, లేకపోతే పెదాల వైపు చూస్తుంది. మాటలన్నీ వచ్చు, మహా చురుకు. ఇంటి పక్క బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గారు మంచావిడ. చెవికి మిషను పెట్టించి తీసుకొస్తే సెలవలయ్యాక రెండో తరగతిలో కూచోబెడతానంది. లేదంటే మాత్రం దూరాన ఉన్న ప్రత్యేక పాఠశాల హాస్టల్లో వెయ్యమంది. అంత పిల్లని హాస్టల్లో పడేసి తను ఇక్కడ అన్నం తినలేనని సత్యవేణి ఏడుపు. ఆ మిషన్లు ఉచితంగా ఇచ్చేది మన మండలే. దరఖాస్తు మండలి వెబ్‌ పేజీలోనే పెట్టుకోవాలి, కాగితం మీద తీసుకోరు. గడువు నెలాఖరు. దాటితే మళ్ళీ ఏడాదే.

ఇంటర్నెట్ సెంటర్లో కూచుని అన్నీ నింపాను, చివర పంపించడానికి బొత్తాం లేదు అన్నయ్యా, అంటుంది సత్యవేణి.

లేకపోవడమేవిటని భాస్కరంగారు నవ్వారు. బొత్తాం లేకపోతే ఈపాటికి జనం గోల పెట్టేవారు కదా, మా దగ్గరికి ఒక్క ఫిర్యాదూ రాలేదే అన్నారు. ఫిర్యాదు పంపాలన్నా అదే పేజీ, అడుగున అదే బొత్తాం నొక్కాలిట, అంది చెల్లెలు. ఆయన నవ్వు ఆగిపోయింది.

లేచి గబగబా కంప్యూటరు గదిలోకి వెళ్ళారు. అక్కడ మెహరున్నీసా అని కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు ఉంటుంది. మండలి పేజీలో అక్షరం మారాలంటే ఆవిడ మిషను మీదే మారాలి, ఇంకో దాన్నుంచి కుదరదు. చేతులెంత జోరో నోరూ అంత జోరు మనిషికి. సంగతి విని, ఓస్ ఇంతేనా అని, పేజీ మీద మౌసు పెట్టి కుడివైపు నొక్కి, సోర్స్ చూపించమంది. జరీ చీర తిరగేస్తే వెనక దారాలు కనబడ్డట్టు, పేజీ వెనకాల ఉన్న రాతంతా తెర మీదికొచ్చింది.

రావడమైతే వచ్చింది. కానీ అది రంగురంగులుగా వచ్చింది. నల్లటి తెర, పక్కన వరస నెంబర్లు, ఎర్రవి కొన్ని, ఊదావి కొన్ని, నారింజవి కొన్ని. మధ్యలో, భాస్కరంగారి కళ్ళెదురుగా, నాలుగైదు వరుసలు నిగనిగలాడే ఆకుపచ్చగా.

ఆయన వంగి ఆ వరుసల్ని వేలితో లెక్కపెట్టారు.

మెహరున్నీసా తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. ఇదివరకు సోర్స్ చూడమంటే కంప్యూటరు దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచేదిట. అందులో అంతా ఒకటే నలుపు, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియక కళ్ళు పీకేసేవిట. అంచేత ఓ పూట సెట్టింగుల్లోకి వెళ్ళి, సోర్స్ చూడమన్నప్పుడు రంగులు వేసి చూపించే ఈ కొత్త ఎడిటర్ తెరుచుకునేట్టు మార్చుకుందిట. డిఫాల్టు మార్చడమంటే ఇంతే సార్, రెండు నొక్కులు, ప్రాణానికి హాయిగా ఉంది అంది.

"ఆ పచ్చగా ఉన్నవి చూశారా సార్, అవి కంప్యూటరు చదవకుండా వదిలేసే వరుసలు. మీ బొత్తాం అందులోనే ఉంది. కిందటేడు గడువైపోయాక జేడీగారు మూసెయ్యమంటే నేనే అటో నాలుగు గుర్తులు, ఇటో మూడు గుర్తులు పెట్టి మూశాను. ఈ ఏడు తియ్యమని ఎవరూ చెప్పలేదు, నాకూ గుర్తులేదు. ఇప్పుడు తీసేస్తా, నిమిషం పని."

అని కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. అప్పుడు భాస్కరంగారు ఊరుకుని ఉంటే చైత్ర సంగతి ఆ నిమిషంలో తేలిపోయేది. కానీ ఆకుపచ్చని చూసి ఊరుకోవడం ఆ చేతులకి అలవాటు లేదు. ఆకుపచ్చలో ఉన్న వరుసని, ఓ కాంట్రాక్టు మనిషి, నోట్ ఫైలు లేకుండా, తన కళ్ళ ముందు చెరిపేయడమా.

"ఆగమ్మా," అన్నారు.

సీటుకి వెళ్ళి కాగితం తీసి నీలం సిరాతో రాశారు. విషయం: కంప్యూటరు తెరపై ఆకుపచ్చ సిరా కనబడుట, గురించి. మహాఅయితే జేడీగారు సాయంత్రానికి 'సరే, తీసెయ్యండి' అని రాసేస్తారు, పద్ధతీ నిలుస్తుంది, పిల్ల పనీ అవుతుంది అనుకున్నారు. పైగా చెల్లెలికి ఫోను చేసి, రేపే వచ్చేస్తుందే బొత్తాం, నువ్వు బెంగపడకు అని కూడా చెప్పారు.

జాయింట్ డైరెక్టరు త్రివిక్రమరావుగారు నోటు రెండుసార్లు చదివారు. చదివి, కంప్యూటరు గదికి స్వయంగా వచ్చి, తెర ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆయన అంత దూరం నడిచి రావడం ఆఫీసులో ఎవరూ చూడలేదు.

"భాస్కరంగారూ, డిఫాల్టు అంటే ఏమిటనుకుంటున్నారు? మనం ఆలోచించనవసరం లేకుండా ప్రభుత్వం మనకంటే ముందే ఆలోచించి పెట్టిన నిర్ణయం. దాన్ని మార్చడమంటే ప్రభుత్వం ఆలోచనని మార్చడం. ఈ గదిలో ఎడిటర్ మారలేదు, ప్రభుత్వమే మారింది."

మెహరున్నీసా హడలిపోయి, పాత నోట్‌ప్యాడే పెట్టేస్తాను సార్, ఇప్పుడే పెట్టేస్తాను అంది. జేడీగారు చెయ్యెత్తి ఆపారు. ఇప్పుడు వెనక్కి మారిస్తే సాక్ష్యం చెరిపినట్టవుతుందిట. విచారణ ముగిసేవరకూ యథాతథ స్థితి కొనసాగాలన్నారు. సాయంత్రానికల్లా మానిటరుకీ కీబోర్డుకీ కోరాగుడ్డ చుట్టి, పురికొస కట్టి, ముడి మీద లక్క సీలు వేశారు. ఆపేస్తే తెర మీది ఆకుపచ్చ పోతుంది కాబట్టి కంప్యూటరుని ఆపకూడదన్నారు. కరెంటు పోతే ఎలాగని ప్రత్యేకంగా ఓ జనరేటరు తెప్పించి, గుమ్మంలో అటెండర్ని కూచోబెట్టారు. గుడ్డ కింద కంప్యూటరు బుసబుసమంటూ నడుస్తూనే ఉంది.

ఆ మర్నాడు కమిటీ ఏర్పడింది. పేరు తెరసిరా వినియోగ విచారణ సంఘం. అధ్యక్షులు జేడీగారు, సభ్యులు ఇద్దరు ఏడీలు, ఒక ఆడిట్ అధికారి. కన్వీనరుగా, విషయాన్ని సకాలంలో పసిగట్టినందుకు మెచ్చుకోలుగా, భాస్కరంగారినే వేశారు. పైన రాబోయే ప్రమోషనుకి ఇది మంచి ముక్కని సాటి సూపర్నెంట్లు కుళ్ళుకున్నారు.

మొదటి సమావేశంలో, తెర మీది రంగు సిరా అవుతుందా కాదా అన్నది చర్చకొచ్చింది. ఒక ఏడీగారు, అది వెలుగు కదండీ, సిరా ఎలా అవుతుందని అడగబోయారు. వెలుగైతే చదవగలుగుతున్నారా లేదా అని జేడీగారు నిలదీశారు. చదవగలుగుతున్నామని ఒప్పుకున్నారాయన. చదవగలిగితే రాత, రాతైతే సిరా, అని తీర్మానం రాసుకున్నారు. కంటికి రంగుగా కనబడి ఏదో ఒక అర్థాన్నిచ్చేదల్లా ఇకమీదట సిరాగా పరిగణింపబడును.

ఆ ముక్క రాయడం రాశారు గానీ, దాని వెనకాల చాలా పనొచ్చి పడింది. మంచినీళ్ళ ఫిల్టరు మీద నీళ్ళు తాగొచ్చని చెప్పే పచ్చలైటు ఒకటుంది. అది అర్థాన్నిస్తోంది, రంగుతో ఇస్తోంది, గెజిటెడ్ కాదు. దాని మీద నల్ల టేపు వేసి, నీళ్ళు తాగడానికి యోగ్యమైనవని పూటపూటా ఏడీగారే కాగితం మీద ఆకుపచ్చ సంతకం చేసే ఏర్పాటు చేశారు. ఆయన రాని రోజు స్టాఫంతా ఎదురుగా బడ్డీకొట్టుకెళ్ళి సోడాలు తాగారు.

రెండో సమావేశంలో ఆడిట్ అధికారి లేచి, తెర మీద ఎరుపు కూడా విచ్చలవిడిగా వాడారని, అది తమ శాఖ ఆత్మగౌరవానికి భంగమని అసమ్మతి రాయించారు. ఇంక ఊదా, నారింజ రంగులు ఏ హోదాకీ చెందనివిగా తేలాయి. సంగతి బయటికి పొక్కింది. మర్నాటికల్లా నారింజ తమకి కేటాయించాలని డ్రైవర్ల సంఘం వినతిపత్రం ఇచ్చింది. ఊదా రంగు మాకే రావాలని, సీనియారిటీలో డ్రైవర్ల కంటే మేమే ముందని స్టెనోల సంఘం గేటు దగ్గర నినాదాలు చేసింది. టెంటు వేశారు. మజ్జిగ పంచారు.

ఈ సందట్లో బొత్తాం సంగతి కదిపినవాడు లేడు. భాస్కరంగారు మాత్రం ప్రతి సమావేశం చివరా, గడువు దగ్గర పడుతోంది సార్, దరఖాస్తుదారుల సౌకర్యార్థం అని నసిగేవారు. తన మేనకోడలు ఉందని చెప్పడానికి నోరు రాలేదు. స్వప్రయోజనం అంటారని భయం. సొంత ఇంటిపనిని ఆఫీసులోకి తేకపోవడం కూడా ఆయన పద్ధతుల్లో ఒకటి మరి. ఎజెండాలో లేని అంశం కదండీ అని అధ్యక్షులవారు మెత్తగా లేచిపోయేవారు.

మూడో సమావేశంలో అసలు ప్రశ్న వచ్చింది. ఆ ఆకుపచ్చ వరుసలు రాసిందెవరు? మెహరున్నీసాని పిలిపించారు. ఆవిడ దాపరికం లేకుండా, నేనే రాశానండి, రాయమన్నది జేడీగారండి అంది. త్రివిక్రమరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నోటిమాట ఉత్తర్వు కాదు గనక తాము అనలేదన్నారు. ఆవిడ రాయడం గురించి కూడా నింపాదిగా తేల్చేశారు.

"గెజిటెడ్ వారికి ఆకుపచ్చ. గుమాస్తాలకి నీలం. కాంట్రాక్టు ఉద్యోగికి నిబంధనల్లో ఏ సిరా చెప్పలేదు. సిరాయే లేని మనిషి రాసిందనడం ఎలా కుదురుతుంది? ఈమె వాంగ్మూలం అసంభవం కింద తోసిపుచ్చడమైనది."

మెహరున్నీసా ముక్కున వేలేసుకుంది. చేసిన పని చేశానని చెప్పినా నమ్మని వాళ్ళని ఆవిడ అంతవరకూ చూడలేదు. ఉద్యోగం పోనందుకు సంతోషించాలో, తన చేతులు తనవి కావన్నందుకు ఏడవాలో తెలియక నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది.

ఇంక మిగిలిందేమిటి? ఆకుపచ్చలో ఉంది కాబట్టి అది గెజిటెడ్ అధికారి రాతే అయి ఉండాలి. గెజిటెడ్ అధికారి రాత కాబట్టి అది ఉత్తర్వే అయి ఉండాలి. ఏమని ఉత్తర్వు? బొత్తాం మూసి ఉంచమని. కనక బొత్తాం మూసి ఉండడం సక్రమమే. దాన్ని తెరవాలంటే రాసిన అధికారి అన్నా రద్దు చెయ్యాలి, ఆయన పైఅధికారి అన్నా చెయ్యాలి. రాసిందెవరో తెలియదు కాబట్టి పైవారెవరో కూడా తెలియదు. ఈ ఆఫీసులో ఇదివరకు పనిచేసిన గెజిటెడ్ అధికారులందరికీ, ఈ వరుసలు మీవేనా అని రిజిస్టరు ఉత్తరాలు వెళ్ళాయి. రిటైరైన ఒకాయన, నాకు కంప్యూటరంటే భయం, వదిలెయ్యండి బాబూ అని రాశారు. కాలం చేసిన ఇంకొకాయన తరఫున ఆయన భార్య, మావారికి అలాంటి అలవాట్లేమీ లేవండీ అని జవాబిచ్చారు.

ఓ ఆదివారం సత్యవేణి పిల్లని వెంటపెట్టుకుని అన్నగారింటికి వచ్చేసింది. అప్పటికి ఆవిడ ఇంటర్నెట్ సెంటరుకి తిరిగి తిరిగి, సెంటరతను ఈవిణ్ణి చూడగానే 'రాలేదమ్మా' అని ముందే చెప్పేసే స్థితికొచ్చింది. రాజేశ్వరి పెట్టిన కాఫీ ముట్టుకోలేదు. చైత్ర మాత్రం మావయ్య ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుని, ఆయన పెదాలనే చూస్తోంది. ఆయన నోరు విప్పితే కదా.

"అన్నయ్యా, నీకు తెలియనివాళ్ళ పనా ఇది? నీ ఆఫీసు, నీ మనుషులు. ఒక్క బొత్తాం పెట్టించలేవా? నువ్వు ఏడీ అవుతున్నావని వదిన ఊరంతా చెప్పింది. నేనూ చెప్పుకున్నాను, మా అన్నయ్య పెద్ద ఆఫీసరవుతున్నాడని. ఇదేనా ఆఫీసరంటే?"

భాస్కరంగారు తల వంచుకున్నారు. ఆపింది తనేనని చెప్పలేకపోయారు. మెహరున్నీసా వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయని, ఆ నిమిషంలో ఆగమన్నది తనేనని చెబితే చెల్లెలు జన్మలో తన గడప తొక్కదు. చైత్ర తల్లి వైపూ మావయ్య వైపూ మార్చి మార్చి చూసి, నా గురించేనా అని సైగ చేసింది. కాదు కాదని ఆయన గట్టిగా అరిచి చెప్పారు. ఆ పిల్ల నమ్మలేదు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే ఆయనకో ఉపాయం తట్టింది. తన సెక్షన్లో ఉన్న కంప్యూటర్లో డిఫాల్టు ఎవరూ మార్చలేదు. అందులో మండలి పేజీ తెరిచి సోర్స్ చూస్తే, బుద్ధిగా నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకుంది. రాతంతా నలుపు. అవే వరుసలు, అదే మూసేసిన బొత్తాం, పచ్చ అన్నది మచ్చుకైనా లేదు. ఆయన మనసు తేలికపడింది. నలుపు గుమాస్తాల రంగు. నలుపులో ఉన్నదాన్ని సూపర్నెంటు తన అధికార పరిధిలో దిద్దొచ్చు. ఇంకేముంది, రెండో నోటు రాశారు. ప్రభుత్వం అనుగ్రహించిన డిఫాల్టు ఎడిటర్‌లో పరిశీలించగా సదరు వరుసలు నల్లగా ఉన్నట్టు కనుగొనడమైనదని, కనుక సీలు విప్పి దిద్దుటకు అనుమతి ఇవ్వవలసిందని.

జేడీగారు నోటు చదివి తెల్లబోయారు. ఒకే ఉత్తర్వు ఒక గదిలో ఆకుపచ్చగా, పక్క గదిలో నల్లగా ఉండటమా? ఇది సిరా విషయం కాదు, దొంగనకలు విషయం అన్నారు. రెండింట్లో ఏది అసలో తేలేదాకా రెండో కంప్యూటరుకీ సీలు పడింది. జిల్లాలో మండలికున్న కంప్యూటర్లన్నిటిలోనూ ఆ పేజీ ఏ రంగులో కనబడుతోందో చూసి రమ్మని జీపులు వెళ్ళాయి. చూసిన ప్రతి కంప్యూటరుకీ సీలు వేసుకుంటూ వచ్చారు. నెలాఖరు దగ్గరపడేసరికి మండలి పనంతా చేతిరాతలోకి దిగిపోయింది. ఆఫీసు నిండా కోరాగుడ్డ మూటలు బుసబుసలాడుతూ ఉండేవి. జనరేటర్ల మోతకి ఎవరి మాటా ఎవరికీ వినబడేది కాదు. చెవుడున్నవాళ్ళ బాధ నాకిప్పుడు తెలుస్తోందని త్రివిక్రమరావుగారు ఓ సభలో గద్గదంగా మాట్లాడారు కూడా.

నెలాఖరు రోజు ఉదయం ఆఖరి సమావేశం పెట్టారు. బల్ల మీదికి రెండు కాగితాలొచ్చాయి. ఒకటి టపాలో వచ్చిన భాస్కరంగారి ప్రమోషను ఆర్డరు. మర్నాడు చార్జి తీసుకోవాలి. జేడీగారు స్వయంగా కరచాలనం చేసి మిఠాయి తెప్పించారు. రెండోది కమిటీ నివేదిక ముసాయిదా. ఆకుపచ్చ వరుసలు గుర్తు తెలియని గెజిటెడ్ అధికారి ఉత్తర్వుగా ధ్రువీకరించడమైనదని, తదుపరి ఆదేశాల నిమిత్తం సచివాలయానికి పంపడమైనదని, అంతవరకు బొత్తాం మూసి ఉండవలెనని అందులో ఉంది. కన్వీనరు సంతకం ఒక్కటే బాకీ.

భాస్కరంగారు మిఠాయి నోట్లో పెట్టుకోబోయి పక్కన పెట్టారు. సచివాలయం నుంచి జవాబు రావడమంటే ఏమిటో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సాయంత్రం అయిదయ్యేసరికి గడువు పోతుంది. పిల్లని హాస్టల్లో దింపడానికి సత్యవేణి ఇనప పెట్టె సర్దుతూ ఉంటుంది. ఆయన నివేదిక మొదటినుంచీ చదివారు. ఆకుపచ్చ కాబట్టి గెజిటెడ్, గెజిటెడ్ కాబట్టి ఉత్తర్వు. ఎక్కడా సందు లేదు. తను దిద్ది, తను కాపు కాసి, పదిమందికీ నేర్పిన తర్కమే అది. సందు ఎక్కడ ఉండాలో ఆ తర్కంలో పెరిగినవాడికే తెలుస్తుంది. అది కనబడగానే కలానికి మూత పెట్టేశారు.

సంతకం కాలేదేమండీ అని జేడీగారు అడిగారు.

"ఆ వరుసలు రాసింది నేనండి," అన్నారు భాస్కరంగారు.

ఆడిట్ అధికారి నోట్లో జాంగ్రీ అలాగే ఉండిపోయింది.

కిందటేడు గడువయ్యాక, ఎవరికీ చెప్పకుండా, ఆ మిషను దగ్గర కూచుని తనే రాశానని, ఆకుపచ్చ సిరా ముచ్చటపడి వాడానని ఆయన చెప్పుకుపోయారు. మాట తడబడలేదు. అప్పుడు తను గెజిటెడ్ కాడు. గెజిటెడ్ కానివాడు ఆకుపచ్చలో రాసింది ఉత్తర్వు కాదు, నేరం. నేరంగా పుట్టింది ఒక్క క్షణం కూడా అమల్లో ఉండటానికి వీల్లేదు. కాబట్టి బొత్తాం ఎప్పుడూ మూసిలేనట్టే లెక్క. దాన్ని తక్షణం తెరవకపోతే, తెలిసీ నేరాన్ని కొనసాగించినవారి కింద కమిటీ వస్తుంది.

త్రివిక్రమరావుగారు వెనక్కి వాలి కళ్ళు మూసుకుని ఆ వాదాన్ని ఒకటికి రెండుసార్లు నెమరేశారు. ఎక్కడా సందు దొరకలేదు. ఆయన మొహం నెమ్మదిగా విప్పారింది. రాసినవాడు దొరికాడు, సచివాలయానికి పోనక్కర్లేదు, నోటిమాట సంగతి ఇంకెవరూ ఎత్తరు, ఫైలు మూతపడుతుంది. మీకు సిరా ఉంది కదా, నీలమే అయినా ఉంది, కనక దుర్వినియోగం సంభవమే అని ఒప్పేసుకున్నారు. తరవాత కాస్త బాధగా, ఇన్నాళ్ళ సర్వీసులో ఈ బుద్ధి ఎలా పుట్టిందండీ మీకు అన్నారు. భాస్కరంగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ సిగ్గు మాత్రం అబద్ధం కాదు. చెయ్యని పనికే అయినా, ఆకుపచ్చ సిరా ముట్టుకున్నవాడన్న మాట తన మీద పడుతుంటే ఆయన మెడ వంగిపోయింది.

ప్రమోషను ఆర్డరు అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నారు. మిఠాయి పెట్టె కూడా తీసుకెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి సీలు పగలగొట్టారు. కోరాగుడ్డ విప్పేసరికి కంప్యూటరు పాపం పొయ్యిలా కాలుతోంది. మెహరున్నీసా కుర్చీలో కూచుని, అటు నాలుగు గుర్తులు, ఇటు మూడు గుర్తులు చెరిపింది. పచ్చదనం పోయి బొత్తాం వరుస మిగతావాటిలో కలిసిపోయింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని ఆవిడ గొంతు తగ్గించింది.

"మీకు మౌసు పట్టుకోవడమే రాదు కదా సార్. మీరెప్పుడు రాశారు?"

నోరు మూసుకుని పని చూసుకోమ్మా అన్నారు భాస్కరంగారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, సరే సార్, సోర్స్ ఇకనుంచి నోట్‌ప్యాడ్‌లోనే తెరుచుకోవాలని ఆర్డరొచ్చింది, మార్చేస్తున్నానంది. ఆయన సామర్లకోటకి ఫోను చేశారు. అవతల సత్యవేణి, వచ్చింది అన్నయ్యా వచ్చింది అని అరుస్తుంటే, నొక్కవే ముందు, నొక్కి తరవాత ఏడుద్దువుగాని అన్నారు.

రాజేశ్వరి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. చుట్టాలకి మళ్ళీ ఫోన్లు చేసి చెప్పాలి కదా, ఆవిడ బాధ ఆవిడది. సత్యవేణికి ఆయన ఏమీ చెప్పలేదు. ప్రమోషను ఏదో కోర్టు కేసులో ఆగిందని చెప్పారు.

సెలవలు అయిపోవస్తుండగా మిషను వచ్చింది. దాన్ని చైత్ర చెవికి తగిలించి, మావయ్యకి చూపిద్దామని తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. వాళ్ళొచ్చేసరికి భాస్కరంగారు వరండాలో కూచుని ఆఫీసు నుంచి వచ్చిన చార్జి మెమో చదువుకుంటున్నారు. ఎంత వినబడుతోందో చూద్దాం, ఏదైనా చదువు అన్నయ్యా అంది సత్యవేణి. చేతిలో ఉన్నది అదే. ఎదురుగా పిల్ల, ఆయన పెదాల వైపు చూడకుండా, తల పక్కకి తిప్పుకుని కూచుంది, పరీక్షకి సిద్ధంగా.

ఆయన గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ, వీధి చివరికి వినబడేట్టు అందుకున్నారు.

"సూపరింటెండెంటు శ్రీ అడబాల భాస్కరం అను నీవు, గెజిటెడ్ హోదా లేకయే ఆకుపచ్చ సిరాను వినియోగించి, మండలి గౌరవమునకు తీరని కళంకము తెచ్చినందున..."

చైత్ర రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అబ్బా, అరవకు మావయ్యా," అంది. "నాకు వినబడుతోంది."